మా నాన్న మైకు ముందు ఊరుకున్న రోజు

ఆ రోజు మా నాన్నకి గొంతు పోలేదు. ఈ ఒక్క ముక్క ముందు చెప్పేసి మిగతాది తర్వాత మాట్లాడతాను. యానాంలో పాతవాళ్ళని ఎవర్ని కదిపినా, జెండా పండగనాడు మైకు ముందు మాస్టారికి గొంతు పట్టేసిందంటారు. ఎండకి కళ్ళు తిరిగాయని ఇంకొందరంటారు. స్వాతంత్ర్యం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళని తలుచుకునేసరికి గుండె బరువెక్కి మాట రాలేదన్న ముచ్చట మరీ కొత్తది, ఆయన పోయాక మొన్న పెట్టిన సంతాప సభలో పుట్టింది. చెప్పిన పెద్దమనిషి చెబుతూ కళ్ళు కూడా తుడుచుకున్నాడు. నేను వెనక వరసలోంచి లేచి, “ఆయన గొంతుకి ఏమీ కాలేదండీ. కావాలనే చదవలేదు” అన్నాను. సభ కాస్త బిత్తరపోయింది. పక్క కుర్చీలో ఆవిడ నా చెయ్యి పట్టుకుని, “కూర్చోమ్మా, బాధలో ఉన్నావు” అంది. బాధలో ఉన్న ఆడదాని మాట సాక్ష్యానికి పనికిరాదని మనవాళ్ళకి గట్టి నమ్మకం. కూర్చున్నాను. ఇంటికొచ్చాక ఒక్కదానికోసం పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు. మరమరాల డబ్బా ముందేసుకుని ఇది రాయడం మొదలుపెట్టాను.

మా నాన్న ఇక్కడ తెలుగు మాస్టారు. ట్రైనింగు పాండిచ్చేరిలో అయింది కాబట్టి తమిళం వచ్చు. మమ్మల్ని ఏలేవాళ్ళు అక్కడ, మేమిక్కడ. మధ్యలో ఎంత దేశముందో రాత్రీ పగలూ రైల్లో కూర్చున్నవాళ్ళకి తెలుసు. చుట్టూ ఆంధ్రా, నట్టనడుమ మేము. పక్క ఊళ్ళవాళ్ళకి మేమంటే చవక మందు, మాకు మేమంటే ఏదో ప్రత్యేకం. అక్కణ్ణించి పెద్ద నాయకుడెవరైనా జెండా ఎగరెయ్యడానికి వస్తే, ఆయన తమిళంలో నాలుగు ముక్కలు చెప్పి ఆగేవాడు. పక్క మైకులో మా నాన్న వాటిని తెలుగులో చెప్పేవాడు. నాయకులు మారేవారు, కండువాలు మారేవి, కండువాలు మార్చుకున్న నాయకులే మళ్ళీ వచ్చేవారు. తెలుగు గొంతు మాత్రం అదే. ఆ గొంతు గురించి కూతురిగా కాకుండా చెప్పాలంటే, కంచు అని అందరూ అనే రకం కాదది. కాస్త మందంగా, తొందర లేకుండా, తరగతిలో వెనక బెంచీవాడిక్కూడా అర్థం కావాలన్నట్టు సాగేది. ఊళ్ళో సగం మంది ఆ గొంతు దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్ళే. అందులో ఉన్న చిక్కు ఎవరికీ, ఆయనకి కూడా, చాలా కాలం కనపడలేదు.

ప్రసంగం కాగితాలు ముందు రోజు మధ్యాహ్నానికి ఫ్యాక్సులో ఆఫీసుకొచ్చేవి. అటెండరు తెచ్చిచ్చేవాడు. ఆ కాగితం చుట్ట చుట్టుకుపోతుంటే నాన్న ఒక చివర అగ్గిపెట్టె, ఇంకో చివర నాయనమ్మ పొడుం డబ్బా పెట్టి, పక్కన తెల్లకాగితాల మీద తెలుగు చేసుకునేవాడు. నాయనమ్మ మధ్యమధ్యలో వచ్చి డబ్బా లాక్కునేది, కాగితం టపీమని చుట్టుకునేది, ఆయన విసుక్కునేవాడు. పెరట్లో గంజి కాగుతుండేది. నీలంమందు కలిపిన బకెట్లో ఆయన పంచె, లాల్చీ. గంజి వాసన, తడిబట్ట వాసన, వాటి మధ్య నాయనమ్మ దంచే మిరియాల ఘాటు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో ఆడపెత్తనం నాయనమ్మా నేనూ పంచుకున్నాం, అంటే పొద్దుటినుంచి పొడుచుకునేవాళ్ళం. సాయంత్రానికి నాన్న ఉప్పునీళ్ళు పుక్కిలించి, బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకుని, వసారాలో అటూ ఇటూ నడుస్తూ పైకి చదువుకునేవాడు. పక్కింటి కేథలిక్కు మామ్మగారు రేడియో తగ్గించి మరీ వినేది. “రేపటి సంగతి నాకివాళే తెలిసిపోయింది” అని గోడ మీంచి గర్వపడేది.

నేనప్పటికి డిగ్రీ చదువుతున్నాను. రాజనీతిశాస్త్రం పాఠాలు నోటి చివర ఉండేవి, వాటికి నా నోరు తోడు. ఆ ప్రసంగాలన్నీ ఒకే వంటకమని వింటూ వింటూ కనిపెట్టాను. ముందు త్యాగధనులు. తర్వాత పరంగి దొరలు, అంటే మా ఫ్రెంచివాళ్ళు, పడవెక్కి పోయిన వైనం. అక్కడికి ముసలివాళ్ళ కళ్ళు చెమరుస్తాయి, కుర్రాళ్ళ వీపులు నిటారవుతాయి. నేల అలా మెత్తబడ్డాక అందులో పథకం నాటుతారు. ఆ వీరుల కలలు నిజం చెయ్యడానికే మన ప్రభుత్వం ఫలానాది తలపెట్టింది అని. ఎన్నికల సభలో అదే మాటంటే, కిందటేడు చెప్పింది ముందు చెయ్యండని ఎవడో ఒకడు అరుస్తాడు. జెండా కింద ఎవడరుస్తాడు? అరిస్తే నాయకుణ్ణి కాదు, దేశాన్నే కాదన్నట్టు. పైగా చేతిలో కాసేపట్లో లడ్డూ పడబోతోంది.

“ఇది పండగా నాన్నా, పార్టీ మీటింగా?” అని అడిగాను ఒక సాయంత్రం.

“రెండూనే.”

“తెలిసీ ఎందుకు చదువుతావు?”

“నేను చదవకపోతే ఇంకెవడో తప్పుల్తడకగా చదువుతాడమ్మడూ. అబద్ధమైనా ఉచ్చారణ బావుండాలి” అని నవ్వాడు. ఆయన హాస్యం అంత బీదది. నాకప్పుడు నవ్వు రాలేదు. ఇప్పుడు ఆ మాట ఎవరూ అనేవాళ్ళు లేక, నేనే అనుకుని నవ్వుకుంటున్నాను.

ఒక ఏడు ప్రసంగంలో, ఫరంపేట దగ్గర ఏటిగట్టు మీద చేపలు ఎండబెట్టుకోవడానికి సిమెంటు చప్టా వేయిస్తామని వచ్చింది. నాయకుడు చెప్పి వెళ్ళిపోయాడు. గట్టు మీద గుడిసెల్లో ఉండే నూకాలు మా వీధికి చేపలు తెచ్చేది. సావిడాయలు, చిన్న రొయ్యలు, వరద నీళ్ళు తగిలాక దొరికితే పులస, అది మాకు చూపించడానికే, అమ్మడానికి కాదు. నెలా రెండు నెలలు చూసి, తట్ట మా అరుగు మీద దింపుతూ, “మేస్టారూ, చప్టా ఎప్పుడేత్తారండీ?” అంది.

“నన్నడుగుతావేంటి నూకాలూ? నాయకుడుగారు కదా చెప్పింది.”

“ఆయనేటి సెప్పేడో మాకేటి తెల్సండీ, అరవంలో సెప్పేడు. మాకు సెప్పింది మీరు కదండీ.”

నాయనమ్మ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. నాన్న నవ్వలేదు. ఆ తర్వాత నూకాలే కాదు, గట్టు మీదివాళ్ళు ఎక్కడ కనపడినా అదే అడిగేవారు. మంగలి షాపులో, “ఏమండీ మేస్టారూ, మీ చప్టా మీద కునుకు తీద్దామంటే కనపడదేంటండీ” అని ఎకసెక్కాలు. ఆయన బడి వదిలాక ఆఫీసుల చుట్టూ తిరిగేవాడు. వరండాల్లో నిలబడి, చప్టా సంగతి ఏమైందండీ అని అడిగేవాడు. మీకెందుకు మాస్టారూ అని వాళ్ళనేవారు. చప్టా రాలేదు. వచ్చే ఏడు ఇంకోటేదో మాటిచ్చారు, అదీ ఆయన గొంతుతోనే. మెల్లగా ఆయన బజారుకి వెళ్ళే దారి మారింది. గట్టు పక్కనుంచి దగ్గరదారి ఉండగా చర్చి వెనక సందులన్నీ చుట్టి వెళ్ళేవాడు. మా నాన్నకి పొలం లేదు, పలుకుబడి లేదు. ఆయన చెబితే జనం నమ్ముతారన్నది ఒక్కటే ఆయనకున్నది, దాన్ని ఏడాదికోసారి ఎవరో వచ్చి వాడుకుని పోతున్నారు.

“దొరల కాలంలో దండోరా వేసేవోణ్ణి ఎవడైనా నిలదీసేడ్రా? నిన్నెందుకు నిలదియ్యాలి?” అని నాయనమ్మ దెబ్బలాడింది ఒకరోజు అన్నం దగ్గర.

“వాడు ఎవరికీ చదువు చెప్పలేదు కదమ్మా” అన్నాడు నాన్న. అక్కడితో లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఆ మైకు సంగతి జరిగిన సంవత్సరమూ కాగితాలు ఎప్పట్లాగే వచ్చాయి. గంజి కాగింది, పంచె ఆరింది. సాయంత్రం వసారాలో ఆయన చదువుతుంటే నేను లోపల ఇస్త్రీ చేస్తున్నాను. త్యాగధనులయ్యారు, దొరలు వెళ్ళారు, ముసలివాళ్ళ పింఛన్లు, పిల్లల సైకిళ్ళు అయ్యాయి. అక్కడ గొంతు ఆగింది. జైహింద్ రాలేదు. బయటికొచ్చి చూస్తే ఆఖరి ఫ్యాక్సు కాగితం ఆయన చేతిలో చుట్టుకుపోయి ఉంది. దానికి తెలుగు రాయలేదు.

“ఇంకోటి ఉందిగా?” అన్నాను.

“ఏటిగట్టు మీద తోట వేస్తారట. దీపాలు, బల్లలు, నడిచేవాళ్ళకి బాట. గుడిసెలవాళ్ళని కనకాలపేట అవతలికి పంపిస్తారట” అన్నాడు.

“వాళ్ళకి తెలుసా?”

“రేపు జెండా కింద కూర్చోబెట్టి చెబుతారు. వాళ్ళ చేతే చప్పట్లు కొట్టిస్తారు.” కాగితం అరుగు మీద పెట్టి అన్నాడు: “అది వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళి చెప్పాల్సిన మాటమ్మడూ. పండగపూట మైకులో చెప్పేది కాదు.”

“అయితే ఏం చేస్తావు?”

“పంచె ఇస్త్రీ అయిందా?” అన్నాడు.

మర్నాడు మైదానంలో రంగుకాగితాలు, ఎన్‌సీసీ పిల్లల బూట్ల చప్పుడు, రాత్రి వానకి తడిసిన నేల వాసన. గట్టు మీది ఆడవాళ్ళని ముందు వరసల్లో కూర్చోబెట్టారు. వాళ్ళనెప్పుడూ ముందు కూర్చోబెట్టరు, నాకు అక్కడే ఒళ్ళు మండింది. నూకాలు పసుపుపచ్చ చీర కట్టుకుని, తల్లో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. నాయకుడు మంచి వక్త. భాష రాకపోయినా ఎక్కడ ఉప్పొంగాలో ఆ గొంతే చెప్పేది. ఆయన ఆగినప్పుడల్లా మా నాన్న నింపాదిగా తెలుగు చెప్పాడు. చివరికి నాయకుడు చెయ్యి గోదారి వైపు చాపి ఏదో అన్నాడు, ఆగాడు. నాన్న మైకు ముందు అలాగే నిలబడ్డాడు. నాయకుడు ఆయన వైపు చూసి అదే మాట మళ్ళీ అన్నాడు. నాన్న కాగితం మడిచి లాల్చీ జేబులో పెట్టుకున్నాడు. ఒక ఆఫీసరు గబగబా వచ్చి నీళ్ళ గ్లాసు ఇచ్చాడు. నాన్న తాగాడు, గ్లాసు తిరిగి ఇచ్చాడు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆఫీసరు వంగి నాయకుడి చెవిలో ఏదో చెప్పి, మైకు పట్టుకుని, “మన మాస్టారికి గొంతు పట్టేసింది” అన్నాడు. మీరంతా చెప్పుకునే కథ అప్పుడు పుట్టింది. నాయకుడు నవ్వి, నాన్న భుజం తట్టి, మిగిలిందంతా తమిళంలోనే పూర్తి చేశాడు. గోదారిని చూపించాడు, చెట్లు చేతుల్తో గీశాడు, దీపాలు వెలిగించాడు, గొంతు పెంచి పెంచి ఒక్కచోట ఆపాడు. మైదానమంతా చప్పట్లు. ఒక్క ముక్క అర్థం కాని జనం సరిగ్గా కొట్టాల్సిన చోట కొట్టారు. నేను వెతుక్కుని మరీ చూశాను, నూకాలు కూడా కొట్టింది. మా నాన్న తలెత్తి ఆ చప్పట్ల వైపు చూసిన చూపు నేను ఇంకెవరి ముఖంలోనూ చూడలేదు.

సాయంత్రం దాకా ఇంటికి జనం. ఒకరు తేనె తెచ్చారు, ఒకరు గొంతుకి మంచిదని దుంపరాష్ట్రం వేరు తెచ్చారు. కేథలిక్కు మామ్మగారు గొంతు జబ్బులు చూసుకునే సెయింటుకి కొవ్వొత్తి వెలిగిస్తానని మొక్కుకుంది. నాన్న అందరికీ తలూపాడు. ప్రభుత్వ ఉద్యోగి, ఇంట్లో ముసలితల్లి, పెళ్ళి కాని కూతురు. ఆఫీసరు ఆడిన అబద్ధం గొడుగులా దొరికింది, దాని కిందికి వెళ్ళాడు. దాన్ని నేనేమీ అనను. కానీ వాళ్ళు గుమ్మం దాటగానే, “పులుసులో ఉప్పు తక్కువైందమ్మా” అని నాయనమ్మతో శుభ్రంగా అన్నాడు. గొంతు పోయినవాడు ఉప్పు గురించి అలా మాట్లాడడు.

పొద్దు వాలుతుంటే చెప్పులేసుకుని గట్టు మీదికి బయల్దేరాడు. చాలా రోజుల తర్వాత ఆ దారి తొక్కడం. నేనూ వెంట నడిచాను. గుడిసెల ముందు వలలు ఆరేసి ఉన్నాయి. నూకాలు పీట వేసింది. నాన్న కూర్చోలేదు. పొద్దున చదవని మాట, మొత్తం, తరగతిలో చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. ఇళ్ళు తీసేస్తారు, అవతల స్థలాలిస్తారు, ముందెళ్ళి పేర్లు రాయించుకున్నవాళ్ళకి రోడ్డు పక్కన దొరుకుతుంది, రేపే వెళ్ళండి అని. వాళ్ళు మొహాలు మొహాలు చూసుకున్నారు. తర్వాత నూకాలు మొగుడు, వల బాగుచేస్తున్నవాడల్లా, నవ్వాడు.

“అదేటి మేస్టారూ, మీరు మైకులో ఆపేసేరు కదండీ. ఇంకేటి భయం?”

“నేను చదవలేదంతే. ఆపడానికి నేనెవర్నిరా?”

“ఆయ్! అదే మరి. మీరు సదవందే అది యానాంలో ఎలా సెల్లుద్దండీ?” అని నూకాలు అంది. ఆ అనడంలో ఎకసెక్కం లేదు. ఆయన చదివినవి ఒక్కటీ జరగలేదు కాబట్టి చదవనిది జరుగుతుందని వాళ్ళకి తట్టలేదేమో. లేకపోతే ఆయన నోరు మూస్తే పైనున్నవాళ్ళు జడిశారనుకున్నారేమో. నాన్న ఎంతసేపు చెప్పాడో, నేనెంత వాదించానో! ఎవరూ నమ్మలేదు. పైగా వచ్చేటప్పుడు తామరాకులో రొయ్యలు కట్టిచ్చింది నూకాలు, డబ్బులు తీసుకోకుండా. దారంతా ఆయన ఆ పొట్లం అరచేతిలో పెట్టుకుని నడిచాడు.

తర్వాత వారం వారం వెళ్ళి చెప్పాడు. వాళ్ళు నవ్వి పీట వేశారు. అడవిపొలం ఊరి నుంచీ ఇంకెక్కణ్ణించో వచ్చినవాళ్ళు పేర్లు రాయించుకున్నారు, గట్టువాళ్ళు రాయించుకోలేదు. కార్తీకమాసం చివర్లో లారీలు వచ్చాయి. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు, తిట్టలేదు, అంతా మర్యాదగానే జరిగింది. అందువల్ల దాని గురించి ఎవరూ కథలు చెప్పుకోరు. కుండలు, వలలు, తలుపులు లారీల్లోకెక్కాయి. వాళ్ళకి చిట్టచివర పల్లపు స్థలాలు మిగిలాయి, ఏటికి దూరంగా. నాన్న అక్కడే నిలబడి చూశాడు. నూకాలు లారీ ఎక్కేముందు ఆయన్ని చూసింది. తిడితే బాగుండును. తిట్టలేదు, అడగలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అడిగే మనిషి, ఏమీ అడగకుండా ఎక్కింది.

ఆ తర్వాత మా వీధికి చేపల తట్ట రాలేదు. నాయనమ్మ ఆ చలికాలంలోనే పోయింది. నేను ఉద్యోగం దొరికి కాకినాడకి రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. సాయంత్రం వచ్చేసరికి నాన్న వసారాలో దీపం వెయ్యకుండా కూర్చుని ఉండేవాడు. మైకు దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. గొంతు పోయిన మనిషిని పిలిచేదెవరు? నేను రాజకీయాలు తీసి రెచ్చగొట్టేదాన్ని, కనీసం నాతోనైనా పోట్లాడతాడని. “నువ్వే నెగ్గావమ్మడూ” అనేవాడు. మొదలుపెట్టకముందే నెగ్గిపోవడమంత దిక్కుమాలిన సంగతి ఇంకోటి లేదు. ఒకే ఒక్కసారి, అన్నం తింటూ, సంబంధం లేకుండా అన్నాడు: “నా గొంతు లేకపోయినా కొట్టారు చూశావా, చప్పట్లు.” అంతే. దాన్ని ఆయన చివరిదాకా మోశాడని నాకు తెలుసు.

గట్టు ఇప్పుడు అందంగా ఉంది, కాదనను. దీపాల కింద జనం నడుస్తారు, ఫోటోలు తీసుకుంటారు. నేనూ నడుస్తాను, ఒక్కదాన్నే. నాన్న ఒక్కసారీ రాలేదు. జెండా పండగ ప్రసంగాలు ఇప్పుడూ ఉన్నాయి. పెద్ద తెర మీద, రంగురంగుల్లో, పక్కన చక్కటి తెలుగు చెప్పే కుర్రవాడితో. వంటకం అదే. తేడా ఎక్కడంటే, ఆ కుర్రవాడి ఇంటికెళ్ళి నువ్వు చెప్పిందేమైందయ్యా అని ఎవరూ అడగరు. హాయిగా బజారుకెళతాడు. మా నాన్నని అడిగారంటే అప్పటికి జనానికి మాట మీద ఇంకా ఆశ ఉంది. ఆయన్ని కుంగదీసిందీ ఆ ఆశే, కాబట్టి ఆ రోజులే మంచివని నా చేత ఎవరూ అనిపించలేరు. ఇవి మంచివని కూడా అనిపించలేరు.

సంతాప సభ అయిన మర్నాడు ఆటో కట్టించుకుని కనకాలపేట అవతల కాలనీకి వెళ్ళాను. నూకాలు ముసలిదైపోయింది. రొయ్యలు ఒలిచే పనికి పోయి పోయి వేళ్ళు వంకరతిరిగాయి. మేస్టారు పోయిన సంగతి తెలుసట, రావడానికి కాళ్ళు లేవట. అదే పీట, లేకపోతే అలాంటిదే ఇంకోటి, వేసింది. నేను పరామర్శలకి పనికొచ్చే మనిషిని కాదు, నేరుగా అడిగాను.

“ఆ రోజు నాయకుడు అరవంలో చెప్పిందానికి నువ్వెందుకు కొట్టావు చప్పట్లు? ఏమర్థమైందని?”

“ఆయనకెవలు కొట్టేరు పాపా?” అంది ముసిల్ది, నాకే మతి పోయిందన్నట్టు. “అంత పెద్దోడు రెండుసార్లు సెప్పినా మేస్టారు నోరిప్పలేదు. మాకు పడందేదో ఉందని, అందుకే ఆపేసేరని నాకప్పుడే తెలిసిపోనాది. మేస్టారిక్కొట్టేం. మా గట్టోళ్ళందరం ఆయనకే కొట్టేం.”

పీట మీద ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. నమ్మాలనే ఉంది. తండ్రి పోయినదాన్ని ఊరడించడానికి అప్పటికప్పుడు అల్లిందేమోనన్న అనుమానమూ ఉంది. అనుమానించకపోతే నేను నేను కాను. నిజమే అయితే అది నన్ను ఇంకా నిద్రపోనివ్వదు. ఆయన అన్నేళ్ళు వసారాలో దీపం వెయ్యకుండా కూర్చున్నాడు. ఈ కాలనీనుంచి మా వీధికి ఆటోలో ఎంతోసేపు పట్టదు. నూకాలూ, ఈ మాట నాతో ఇప్పుడు చెప్పావు గానీ, ఆయన ఉండగా ఒక్కసారి వచ్చి ఎందుకు చెప్పలేదే?